ఇంజన్ లైటు వెలిగితే సెన్సార్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది 2016 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. ఇప్పటికి 81 వేల కిలోమీటర్లు తిరిగింది. హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతాం. రోజూ కాలేజీకి నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఈ మధ్య మీటర్ బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి సన్నగా వణుకుతోంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్ తెప్పించి ఫోన్‌కు కలిపి చూస్తే పి0171, పి0303 అని రెండు కోడ్‌లు వచ్చాయి. యాప్‌లో క్లియర్ నొక్కితే లైటు పోయింది కానీ మూడో రోజున మళ్లీ వచ్చింది. షెడ్డులో చూపిస్తే ఆక్సిజన్ సెన్సార్ పోయిందనీ, ఏడు వేలవుతుందనీ అన్నారు. ఆ మాట నమ్మవచ్చా? ప్రమాదం లేకుండా ఇంటి దగ్గర నేను ఎంతవరకు పరీక్షించుకోవచ్చు? మా తమ్ముడి డీజిల్ కారుకు కూడా ఇదే స్కానర్ పనికొస్తుందా?

- ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ఆ ఏడు వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. మీకు వచ్చిన రెండు కోడ్‌లలో ఏదీ ఆక్సిజన్ సెన్సార్ పాడైందని చెప్పడం లేదు. ఆ సెన్సార్‌లోనో దాని వైరింగ్‌లోనో లోపం ఉంటే సాధారణంగా పి0130 నుంచి పి0135 వరకు ఉన్న కోడ్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. మీ కారులో సెన్సార్ చేసిన పనల్లా సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని కంప్యూటర్‌కు తెలియజేయడమే. దాన్ని మార్చడమంటే, దొంగ పడ్డాడని అరిచిన వాచ్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేయడం వంటిది. సెన్సార్ అబద్ధం చెప్పే అవకాశం అసలు లేదని అనడం లేదు. అది నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి మీ చేతిలో ఉన్న స్కానరే సరిపోతుంది, ఆ పరీక్ష గురించి కింద వివరిస్తాను.

అంతకంటే ముందు, ఈ పరిస్థితిలో బండి నడపవచ్చా అనే విషయం చూద్దాం. ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతూ, బండి కొద్దిగా వణుకుతున్నా మామూలుగా లాగుతుంటే, వేగం తగ్గించి, ఎక్సలరేటర్ గట్టిగా తొక్కకుండా, దగ్గరి దూరాలకు కొద్ది రోజులు వాడుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు తీసి ఆపాలి. ఒక సిలిండర్‌లో మంట సరిగా అంటుకోక, కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్ దారిలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దాని అర్థం. కన్వర్టర్ లోపలి పింగాణీ జాలీ అధిక వేడికి కరిగిపోతే, కొత్తదానికయ్యే ఖర్చు ముందు ఈ ఏడు వేలు చాలా చిన్న మొత్తంగా కనిపిస్తుంది. ఆయిల్ డబ్బా గుర్తు గానీ, ఉష్ణోగ్రత గుర్తు గానీ ఎర్రగా వెలిగితే అది స్కానర్‌తో తేల్చుకునే విషయం కాదు. వెంటనే ఇంజన్ ఆపాలి, ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత తెరవకూడదు.

మీ లేఖలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆందోళన పెట్టిన మాట సెల్లార్. పరీక్ష కోసం ఇంజన్‌ను అక్కడ ఆన్‌లో ఉంచకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం మొదలయ్యేసరికే అది రక్తంలో చేరిపోయి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్ ఇంకా పని మొదలుపెట్టదు కాబట్టి మొదటి నిమిషాల్లో ఈ వాయువు మరింత ఎక్కువగా వస్తుంది. ర్యాంపు వైపు గాలి వస్తోందన్న ధైర్యం పనికిరాదు. బండిని పైకి తెచ్చి, చదునైన ఆరుబయట స్థలంలో నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందొకటి, వెనకొకటి ఇటుకలు పెట్టండి. ఎండుగడ్డి, చెత్త ఉన్న చోట నిలపవద్దు, కన్వర్టర్ వేడికి అవి అంటుకోగలవు. చున్నీ గానీ పమిట గానీ నడుముకు బిగించి కట్టుకోవాలి, జుట్టు ముడివేసుకోవాలి, గాజులు, గొలుసు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. కొన్ని బండ్లలో తాళం తీసిన తర్వాత కూడా రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి, ఇంజన్ ఆగి ఉన్నా వేడిగా ఉన్నంతసేపు దాని దగ్గర చేయి పెట్టకూడదు.

ఇక స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్లకు పైన ఉండే 16 పిన్నుల సాకెట్‌ను ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) పోర్టు అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఇది తప్పనిసరి. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ రెండో దశ నిబంధన వచ్చింది కాబట్టి మీ 2016 కారులో ఇది పూర్తిగా పనిచేస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా స్కానర్ గుచ్చి, ఆ తర్వాత తాళం తిప్పి ఫోన్‌కు కలపాలి. పని అయ్యాక దాన్ని తీసేయాలి, ఎందుకంటే ఆ సాకెట్‌కు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే చవక స్కానర్ బ్యాటరీని దించేస్తుంది. యాప్‌లో కోడింగ్, అడాప్టేషన్ వంటి మీటలు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి. చదవడం వరకే మీ పని, కంప్యూటర్‌లోకి రాయడం మీ పని కాదు. బండి నడుపుతూ ఫోన్ చూడడం అసలు కూడదు. నడుస్తున్నప్పటి అంకెలు కావాలంటే పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకోండి, లేదా యాప్‌ను రికార్డు చేయనిచ్చి ఇంటికొచ్చాక చూసుకోండి.

ఇప్పుడు ఆ కోడ్‌లు ఏం చెబుతున్నాయో చూద్దాం. పి అన్నది ఇంజన్, గేర్‌బాక్స్ విభాగం. దాని తర్వాతి సున్నా, ఆ కోడ్ అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఇచ్చేదని సూచిస్తుంది. అక్కడ ఒకటి ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకో కంపెనీ కారు గురించి రాసింది దొరికి దారి తప్పే ప్రమాదం ఉంది. పి0303లోని మొదటి 3 మిస్‌ఫైర్‌కు గుర్తు, చివరి 03 సిలిండర్ సంఖ్య. అంటే మూడో సిలిండర్‌లో మిస్సింగ్ (మంట సరిగా అంటుకోకపోవడం, మిస్‌ఫైర్ అన్నా ఇదే) ఉంది. ఈ సంగతి కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందంటే, ప్రతి సిలిండర్‌లో మంట అంటుకున్నప్పుడల్లా, పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ వేగం ఒక చిన్న తోపుతో పెరగాలి, మూడో సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ తోపు రాక వేగం తగ్గితే క్రాంక్ సెన్సార్ ఆ తేడాను పట్టుకుంటుంది. కారణం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గా, దానికి కరెంటు అందించే కాయిలా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా, సిలిండర్ లోపలి ఒత్తిడి (కంప్రెషన్) తగ్గడమా అన్నది దానికి తెలియదు. సిగ్నల్ దగ్గర మీకు తెలిసే వణుకు ఇదే.

పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది అని. పొగలో ఆక్సిజన్ మిగిలినట్లు కనిపిస్తుంటే కంప్యూటర్ పెట్రోలు పెంచుకుంటూ పోతుంది. ఎంత పెంచినా సరిపడక, ఆ పెంపు దానికి పెట్టిన హద్దును దాటితే ఈ కోడ్ రాస్తుంది. చాలా కార్లలో ఆ హద్దు 20 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. ఈ రెండు కోడ్‌లూ ఒకేసారి రావడంలో ఒక మెలిక ఉంది. మూడో సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అది పీల్చిన గాలి, అందులోని ఆక్సిజన్‌తో సహా, కాలకుండా బయటకు వస్తుంది. సెన్సార్ ఆక్సిజన్‌ను మాత్రమే చూస్తుంది, దాని పక్కనే కాలని పెట్రోలు ఉన్నా పట్టించుకోదు. అందువల్ల పెట్రోలు తక్కువైందని కంప్యూటర్ పొరబడి నాలుగు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. అంటే పి0171 అసలు జబ్బు కాకపోవచ్చు, పి0303 పర్యవసానం కావచ్చు. ఇందుకు తిరగబడిన కథ కూడా ఉంది: మూడో సిలిండర్ ఇంజెక్టర్ పూడుకుపోయి గానీ, ఆ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) ప్యాకింగ్‌లోంచి దొంగ గాలి (మామూలు దారిలో కాక కంతల్లోంచి చొరబడేది) వచ్చి గానీ మిశ్రమంలో పెట్రోలు తక్కువైతే, ఆ తక్కువే మిస్సింగ్‌కు కారణమవుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న, సెన్సార్ మారిస్తే ఈ ప్రశ్నకు జవాబు రాదు.

అందుకు మొదటి సాక్ష్యం మీరు ఒకసారి చెరిపేసినదే. కోడ్ రాసే క్షణంలో ఇంజన్ పరిస్థితి ఎలా ఉందో కంప్యూటర్ ఒక పట్టికగా దాచుకుంటుంది. యాప్‌లో దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే కోడ్‌తోపాటు అదీ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి కాసేపాగి పెట్టండి, లైటు పోతుంది అనే షెడ్డు చిట్కా ఫలితమూ సరిగ్గా అంతే. మీ అదృష్టం కొద్దీ కోడ్ మళ్లీ వచ్చింది కాబట్టి కొత్త ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంటుంది, ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వేగం సున్నా, ఆర్‌పీఎం 750 దగ్గర, కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటే, వేడెక్కిన ఇంజన్ ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు తప్పు జరిగిందని తెలుస్తుంది. అప్పుడు దొంగ గాలి మీద అనుమానం పెరుగుతుంది. ఆర్‌పీఎం 3000, లోడు (ఇంజన్ మీద భారం) 80 శాతం ఉంటే కాయిల్ మీద గానీ పెట్రోలు సరఫరా మీద గానీ దృష్టి పెట్టాలి, ఎందుకంటే బలహీనమైన కాయిల్ సాధారణంగా గట్టిగా లాగించినప్పుడే బయటపడుతుంది. కూలెంట్ 30 డిగ్రీల దగ్గరే ఉండగా కోడ్ వస్తే పాత ప్లగ్గులనో తేమనో అనుమానించాలి.

తర్వాత బండి ఆరుబయట నిలిపి, ఇంజన్ బాగా వేడెక్కాక, డ్రైవర్ సీట్లో కూర్చుని లైవ్ డేటా తెరవండి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేవి) కనిపిస్తాయి, వాటిని కూడి చూడాలి. మొత్తం 10 శాతం లోపల అటూ ఇటూ ఉంటే ఆందోళన లేదు. ఐడ్లింగ్‌లో (బండి ఆగి, ఎక్సలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఆ మొత్తం 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా రేస్ ఇచ్చినప్పుడు నాలుగైదుకు పడిపోతే, ఎక్కడో చిన్న కంతలోంచి గాలి చొరబడుతోందన్న మాట. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు పీల్చే మొత్తం గాలిలో ఆ కంత వాటా పెద్దది, వేగం పెరిగాక అది లెక్కలోకి రానంత చిన్నదవుతుంది. ఇందుకు విరుద్ధంగా ఐడ్లింగ్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్ల వైపు చూడాలి.

ఇక్కడ చాలామంది సలహాదారులు చెప్పని విషయం ఒకటుంది. పైన చెప్పిన లెక్క గాలి బరువును నేరుగా కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న కార్లకు బాగా వర్తిస్తుంది. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అలాంటి బండిలో దొంగ గాలి దూరితే మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, కంప్యూటర్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని పెట్రోలు ఇచ్చేస్తుంది, దానితో ట్రిమ్ అంతగా పెరగకుండా ఐడ్లింగ్ మాత్రం ఎక్కువవుతుంది. మీ కారులో మాఫ్ లేదని తేలితే, మీ పి0171కు దొంగ గాలి కంటే మిస్సింగే కారణమయ్యే అవకాశం ఎక్కువ. యాప్ చూపే పేరును బట్టి నిర్ణయించకండి, కొన్ని యాప్‌లు మ్యాప్ అంకెల నుంచి లెక్కగట్టి మాఫ్ అని చూపిస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక గొట్టంలో బిగించిన సెన్సార్ ఉందో లేదో, ఉంటే అది మాఫేనో కాదో ఎవరైనా తెలిసిన మెకానిక్ ఒక్క చూపులో చెబుతాడు.

ఆక్సిజన్ సెన్సార్ పరీక్ష కూడా అదే సీట్లో కూర్చుని చేసేయవచ్చు. కన్వర్టర్‌కు ముందుండే సెన్సార్ వోల్టేజీని గ్రాఫ్‌గా పెట్టండి. మీ తరం కార్లలో ఎక్కువగా ఉండే సాధారణ సెన్సార్ అయితే, వేడెక్కిన ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎం పైన నిలిపినప్పుడు ఆ గీత 0.1కీ 0.9 వోల్టులకూ మధ్య గబగబా పైకీ కిందికీ ఊగాలి. మిస్సింగ్ ఉన్నంతసేపు అది కింది వైపే ఎక్కువ ఉండవచ్చు, అది తప్పు కాదు. ఒక్కసారి ఎక్సలరేటర్ తొక్కి వదలండి. తొక్కగానే 0.8 దాటి, వదలగానే అట్టడుగుకు పడితే ఆ సెన్సార్ బతికే ఉంది, చురుగ్గానే ఉంది. ఎంత చేసినా 0.1 దగ్గరే గడ్డకట్టినట్టు ఉండిపోతేనే షెడ్డువాళ్ల మాటకు కొంత బలం వస్తుంది, అప్పటికీ సెన్సార్‌కు ముందున్న పైపు జాయింట్ దగ్గర పగులుండి బయటి గాలి లోపలికి వస్తోందేమో చూశాకే మార్చాలి. అలాంటి పగులుంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమనే శబ్దం వినిపిస్తుంది. మీ కారులో వోల్టేజీకి బదులు లాంబ్డా అనే అంకె 1 దగ్గర తిరుగుతూ కనిపిస్తే అది వేరే రకం సెన్సార్, దానికి ఈ పరీక్ష వర్తించదు.

ఇప్పుడు ఇంజన్ ఆపి, కనీసం రెండు గంటలు చల్లారనిచ్చి, తాళం జేబులో వేసుకుని బానెట్ ఎత్తండి. మొదట ఎలుకల జాడ వెతకండి. సెల్లార్‌లో పెట్టే బండికి ఇది మొదటి అనుమానం కావాలి. బ్యాటరీ చుట్టూ తిండి తునకలు, కొరికిన దూది, ఎలుక పెంటికలు, వైరు మీది నల్ల టేపు చీలి లోపలి రాగి మెరవడం వంటివి టార్చి లైటు వేస్తే కనిపిస్తాయి. మూడో సిలిండర్ కాయిల్‌కో ఇంజెక్టర్‌కో వెళ్లే వైరు కొరికి ఉంటే మీ వెతుకులాట అక్కడితో ముగిసినట్టే. తర్వాత ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని మడతల దగ్గర వేలితో విడదీసి పగుళ్లు చూడండి, సన్నటి వాక్యూమ్ పైపులు ఊడిపోయాయేమో, ఇంజన్ ఆయిల్ మూత, ఆయిల్ కొలిచే పుల్ల సరిగా కూర్చున్నాయో లేదో చూడండి. లైటు వెలగడానికి ముందు ఎప్పుడైనా వాటర్ సర్వీసింగ్ చేయించారా అని కూడా గుర్తు చేసుకోండి. ప్రెషర్ నీళ్లతో ఇంజన్ కడిగినప్పుడు ప్లగ్గు గుంతలో నీరు నిలిచి, నాలుగైదు రోజులపాటు ఒక్క సిలిండరే మిస్సవడం మామూలుగా జరిగేదే. ఇంజన్‌ను నీళ్లతో కడగవద్దని చెప్పే హక్కు మీకుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇవేవీ కనిపించకపోతే, ఇంటి దగ్గర చేయగల పరీక్షల్లో అన్నిటికంటే నమ్మదగినది కాయిల్ మార్పిడి. మీ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గు మీదా విడిగా ఒక కాయిల్ ఉండి, పై ప్లాస్టిక్ కవర్ తీయగానే నాలుగూ వరుసగా కనిపిస్తేనే దీనికి పూనుకోండి. మానిఫోల్డ్ వాటి మీదుగా అడ్డంగా ఉంటే వదిలేయండి. సిలిండర్ల లెక్క చాలా ఇంజన్లలో బెల్టు వైపు నుంచి మొదలవుతుంది, కొన్ని కంపెనీలు మాత్రం గేర్‌బాక్స్ వైపు నుంచి లెక్కపెడతాయి కాబట్టి మీ మోడల్ సంగతి ముందే కనుక్కోండి. కాయిల్స్ మీద మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాయండి. మూడో కాయిల్‌కు వచ్చే వైరు సాకెట్ లాక్‌ను మెల్లగా నొక్కి లాగాలి. వేడికి ఏళ్ల తరబడి ఉడికిన ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే విరిగిపోతుంది. పది నంబరు బోల్టు విప్పాక కాయిల్‌ను నేరుగా పీకకుండా కొంచెం అటూ ఇటూ తిప్పితే ప్లగ్గుకు అంటుకున్న రబ్బరు వదులై పైకి వస్తుంది. ఆ రబ్బరు చివర ఆయిల్ అంటి ఉంటే ట్యాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) ప్యాకింగ్ కారుతోందని అర్థం, అది ఆ ప్యాకింగ్ మారిస్తే పోయే సమస్య కావచ్చు. రబ్బరు మీద పెన్సిల్ గీతలాంటి సన్నటి చార కనిపిస్తే కరెంటు ప్లగ్గుకు పోకుండా పక్క లోహానికి దూకుతోందన్న మాట. ఇప్పుడు రెండో కాయిల్‌ను మూడో చోట, మూడో దాన్ని రెండో చోట పెట్టి, బోల్టులు, సాకెట్లు సరిగా బిగించి, అంతకుముందే అన్నీ నమోదు చేసుకున్నారు కాబట్టి ఈసారి కోడ్ చెరిపి, రోజూ వెళ్లే దారిలోనే నడపండి. కోడ్ పి0302గా మారితే తప్పు కాయిల్‌ది. పి0303గానే వస్తే కాయిల్ మంచిది, ప్లగ్గు చూడాలి. 81 వేల కిలోమీటర్లలో సాధారణ ప్లగ్గులు ఒక్కసారీ మార్చి ఉండకపోతే పరీక్షలేమీ లేకుండానే నాలుగూ మార్పించేయడం మంచిది, వాటి ఆయుష్షు ఎప్పుడో అయిపోయింది.

ఇంజన్ తిరుగుతుండగా కాయిల్ గానీ ప్లగ్గు వైరు గానీ పీకి ఏ సిలిండర్ చచ్చిందో చూడడం పాత మెకానిక్కుల అలవాటు. మీరు మాత్రం ఆ పని చేయకండి, చేయనివ్వకండి. అక్కడ పదుల వేల వోల్టుల కరెంటు ఉంటుంది, మనిషికి తగిలే ప్రమాదం ఒకటైతే, కాలని పెట్రోలంతా కన్వర్టర్‌లోకి పోవడం ఇంకొకటి. దొంగ గాలి ఎక్కడుందో కనుక్కోవడానికి ఇంజన్ తిరుగుతుండగా పైపుల మీద బ్రేక్ క్లీనర్ గానీ పెట్రోలు గానీ చల్లి చూడమని వీడియోల్లో చెబుతుంటారు, అది పొగ వెళ్లే వేడి మానిఫోల్డ్ మీద మంట పెట్టుకోవడమే. ఆ పనికి షెడ్డుల్లో పొగ పంపే మిషన్ ఉంటుంది. పెట్రోలు పైపు విప్పడం, ఇంజెక్టర్ తీయడం, పసుపు రంగు సాకెట్లున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లు కదపడం, జాకీ మీద ఎత్తిన బండి కిందకు దూరడం కూడా ఇంటి పనుల్లో చేరవు. కాయిల్, ప్లగ్గు రెండూ మంచివని తేలినా కోడ్ మూడో సిలిండర్‌నే పట్టుకుని ఉంటే, మిగిలేవి ఇంజెక్టర్, కంప్రెషన్, వాల్వులు. అక్కడి నుంచి షెడ్డుకే వదిలేయాలి.

చాలామంది పాఠకులు ఈ కోడ్‌కు ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమని రాస్తున్నారు. అందులో కొంత నిజముంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, 20 శాతం కలిపిన పెట్రోలుకు కంప్యూటర్ శుద్ధ పెట్రోలు కంటే సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం ఇవ్వాల్సి వస్తుంది. పాత కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ ఆ మేరకు పెరిగి కనిపించడం సహజం. కానీ అది నాలుగు సిలిండర్లకూ సమానంగా వర్తించే విషయం, మూడో సిలిండర్ ఒక్కదాన్నే అది మిస్ చేయించదు.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్, ట్రిమ్ అంకెలు, సెన్సార్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు వెంట తీసుకెళ్లండి. కోడ్ ఏమిటని వాళ్లు అడిగేలోపే, మీరు చేసిన పరీక్ష, వచ్చిన ఫలితం చెప్పండి. ఏ పరీక్ష చేసి ఈ పార్టు మార్చమంటున్నారో అడగండి, మార్చిన పాత పార్టు మీకు ఇచ్చేయమనండి, బిల్లులో పార్టు నంబరు రాయించుకోండి. మంచి మెకానిక్కులకు ఇలా అడిగే కస్టమరంటే ఇష్టమే, ఎందుకంటే వాళ్ల పని సగం తగ్గుతుంది. అడగగానే ముఖం చిట్లించే షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోవడానికి మొహమాటపడవద్దు.

రిపేరు తర్వాత కోడ్ చెరిపాక లైటు వెలగనంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. మిస్‌ఫైర్, ఇంధన మిశ్రమం తప్పులను చాలా కార్లు మొదటి ప్రయాణంలో పెండింగ్ కోడ్‌గా దాచి, రెండో ప్రయాణంలోనూ కనిపిస్తేనే లైటు వెలిగిస్తాయి. అందుకే వారం రోజులపాటు ఉదయం చల్లగా ఉన్నప్పుడొకసారి, హైవే మీద నడిపాక ఒకసారి పెండింగ్ జాబితా చూస్తుండండి. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో ఓబీడీ కోడ్‌లు చూడరు కాబట్టి అది చేతిలో ఉండడం ఇంజన్ బాగుందనడానికి రుజువు కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం ఇది వేరే రకంగా ముఖ్యం. అక్కడ చాలా రాష్ట్రాల్లో తనిఖీ ఈ పోర్టు ద్వారానే జరుగుతుంది, ముందురోజు కోడ్ చెరిపి వెళ్తే కారు కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తి కాలేదని వెనక్కి పంపుతారు.

మీ తమ్ముడి డీజిల్ కారు 2013 తర్వాతిదైతే ఇదే స్కానర్ కోడ్‌లు చదువుతుంది. అయితే పైన చెప్పిన ట్రిమ్, కాయిల్ పరీక్షలు దానికి పనికిరావు, ఎందుకంటే డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గులే లేవు. పి0401 వస్తే ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) దారిలో మసి, పి0299 వస్తే టర్బో గొట్టాల్లో లీకు, పి2463 వస్తే మసి ఫిల్టర్ నిండడం, ఇవి మొదట చూసుకోవలసినవి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పండి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజన్‌లో ఇంజెక్టర్ పైపుల్లో ఒత్తిడి 1600 బార్‌ను కూడా దాటుతుంది. అక్కడ లీకు కనిపిస్తే చేయి పెట్టి వెతకకూడదు, నట్టు వదులు చేసి చూడకూడదు. సూది కంటే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న గాటులాగే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి వెళ్లిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి.